దాటమనే మాటలో రెండో సగం

ముప్పై ఏళ్లు డచ్చి వ్యాకరణం చెప్పి విరమించిన హెండ్రికా, రోజూ ఎనిమిదింబావుకల్లా పసుపుపచ్చ కోటు తొడుక్కుని నెదర్లాండ్స్‌లోని డోక్కుమ్ ఊరి బడి ముందు, పిల్లల్ని రోడ్డు దాటించడానికి స్టాప్ బోర్డుతో నిలబడుతుంది. ముక్కు కొసన వాన బొట్టు వేలాడుతున్నా తుడుచుకోదు. దాటమని చెప్పే క్రియ వాళ్ల భాషలో రెండుగా విడిపోతుంది: 'స్టేక్' ముందొస్తుంది, 'అవతలికి' అనే అర్థమున్న 'ఓవర్' వాక్యం చివర్లో వస్తుంది. "స్టేక్ అంటే సిద్ధం కండి. ఓవర్ అనేదాకా కాలు కదిపారో, చెవులు మెలేస్తా!" అని పిల్లలకు నూరిపోసింది. కూతుర్ని దింపడానికొచ్చే బౌకె ఆమె పాత విద్యార్థే. "రిటైరైనా పాఠం మానరేం టీచర్? తొందరగా తెమల్చండి, నాకు పనుంది" అని రోజూ దెప్పుతాడు.

ఆ మంగళవారం పొగమంచు కమ్మేసింది. "స్టేక్ పిల్లలూ, జాగ్రత్తగా..." అందామె. డజను జతల బూట్లు రోడ్డు అంచుకు చేరాయి. అంతలో ఒక పాల వ్యాను, దీపాల్లేకుండా, బోర్డును ఒరుసుకుంటూ దూసుకుపోయింది. రోడ్డు ఖాళీ అయింది. ఆమె నోరు తెరిచింది. 'ఓవర్' మాత్రం బయటికి రాలేదు. ఒక్క పిల్లా కదల్లేదు.

"పోయింది కదా టీచర్, ఇంకా..." అనబోయి బౌకె కిందికి చూశాడు. కూతురు రెండు చేతులతో అతని కోటు పట్టుకుని వెనక్కి గుంజుతోంది. అతని బూటు ఒకటి అప్పటికే రోడ్డు మీదుంది. దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుని, పిల్లల వరసలో, ఆ రెండో సగం కోసం నిలబడ్డాడు.