దానియేలన్న గోడ మీద పగుళ్లు

నిన్న పొద్దున పాస్టర్ గారు ఫోన్ చేస్తే, ఆదివారం భోజనాల గురించేమో అనుకుని కట్ చేశాను.

మళ్లీ చేశారు.

"దానియేలన్న పోయిండమ్మా."

ఫిల్మ్‌నగర్‌లో సెట్ వర్క్‌కి వెళ్లాడట. బ్రష్‌లు నానబెట్టి స్టూల్ మీద కూర్చున్నాడట. టీ తెచ్చినవాళ్లు పిలిస్తే పలకలేదట. హార్ట్ ఎటాక్ అన్నారు.

నేను కాస్ట్యూమ్స్‌లో పని చేస్తాను. చేతిలో ఒక జాకెట్ ఉంది. దానికి హుక్స్ కుట్టడం ఆపలేదు, ఎందుకో తెలీదు. అన్నీ కుట్టేశాక ఏడుపొచ్చింది.

గంట తిరక్కముందే ప్రెసిడెంట్ గారి పోస్ట్.

మా కృష్ణానగర్ గల్లీ దాటి పైకెక్కితే జూబ్లీహిల్స్‌లో ఈయన బంగళా. అక్కడి అసోసియేషన్‌కి ప్రెసిడెంట్. మా చర్చి గోడ ముందు సెల్ఫీ దిగి పెట్టాడు. "ఒక లెజెండ్‌ని కోల్పోయాం. మొదటి నుంచీ నేను సపోర్ట్ చేసిన ఆర్టిస్ట్. శిథిలమైన ఈ గోడకు పగుళ్లు పూడ్పించి కొత్త రంగులు వేయించే బాధ్యత నాది."

కింద వరసగా దండాల ఎమోజీలు.

చచ్చినోడి కళ్లు చారెడు అంటారు. సరే. బతికున్నప్పుడు ఆ కళ్లలో కారం కొట్టినవాడే ఇప్పుడొచ్చి కొలుస్తుంటే ఎలా సార్?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. దానియేలన్న సెట్ పెయింటర్. ప్లైవుడ్‌ని పాలరాయి చేసేవాడు. పొద్దున నిలబెట్టిన గోడని సాయంత్రానికి వందేళ్ల గోడ చేసేవాడు. నాచు, చెమ్మ మచ్చలు, పగుళ్లు, అన్నీ రంగులతోనే.

షూటింగ్ అయిపోగానే సెట్ విప్పేస్తారు. ముప్పై ఏళ్లు పని చేస్తే ఒక్క గోడా మిగల్లేదు.

"మా పిల్లలకు సూపియ్యనీకె ఒక్కటన్న లేదమ్మా" అన్నాడు ఒకసారి. నవ్వుతూనే అన్నాడు.

అందుకే కొన్నేళ్ల కింద మా చర్చికి కొత్త కాంపౌండ్ వాల్ కట్టినప్పుడు, "నాకియ్యుండ్రి" అని అడిగి తీసుకున్నాడు.

ఐదు రొట్టెలు, రెండు చేపలతో వేలమందికి అన్నం పెట్టిన కథ వేశాడు. ఏసయ్య ఎక్కడో దూరంగా, చిన్నగా ఉంటాడు. గోడ నిండా జనమే. ఆ జనమంతా మా గల్లీ. నైటీ మీద తువ్వాలు వేసుకున్న యాదమ్మ. ఖాకీ చొక్కాలో ఆటో సలీం భాయ్. సినిమాల్లో హీరో వెనక మసకగా కనిపించే మా జూనియర్ ఆర్టిస్టులందరూ ఇక్కడ ముందు వరసలో కూర్చున్నారు.

అంతా అయ్యాక, అలవాటు కొద్దీ, కొత్త గోడకి పగుళ్లు వేసేశాడు.

పాస్టర్ గారు తల పట్టుకున్నారు. "మొన్న కట్టిన గోడ గదన్నా, గిట్ల చేసినవేంది!"

"పగులు లేకుంటే నాకు పని అయినట్టే అనిపియ్యదు అయ్యగారూ."

ప్రెసిడెంట్ గారు కారు దిగకుండానే ఆ పగుళ్లు చూశాడు. ఫోటో తీసి మున్సిపాలిటీకి కంప్లైంట్ పెట్టాడు. గోడ కూలేలా ఉంది, పిల్లల ప్రాణాలకు ప్రమాదం, వెంటనే పడగొట్టాలి అని.

పిల్లల మీద ప్రేమ అనుకునేరు. బంగళాకి వచ్చే గెస్టుల కార్లు ఆ గోడ దగ్గరే మలుపు తిరగాలి. నైటీలో ఉన్న యాదమ్మ వాళ్ల కంట పడకూడదు, అంతే.

ఈయన ఒకప్పుడు ఒక సినిమా తీశాడు. అందులో పాలరాతి మహల్ ముందు దిగిన ఫోటో ఇప్పటికీ ఆయన హాల్లో ఉంది. ఆ పాలరాయి కూడా దానియేలన్న చేతిదే. ఆయనకి తెలీదు. ఎవరు వేశారని అడిగితే కదా.

జేసీబీ వచ్చేసింది.

మా దగ్గర మూడు చిన్న చర్చిలు. ఒకరి మైకు ఒకరికి పడదు. ఆ రోజు మూడింటివాళ్లూ వచ్చారు. పోచమ్మ గుడి కమిటీవాళ్లూ వచ్చారు. నినాదాలివ్వడం ఎవరికీ రాదు. యాదమ్మ ఇరవై ఏళ్లుగా జూనియర్ ఆర్టిస్ట్. తనకొచ్చిన పని చెప్పింది.

"నడువుండ్రి, పాసింగ్ ఇద్దాం."

పాసింగ్ అంటే సీన్‌లో హీరో వెనక జనం అటూ ఇటూ నడవడం. ఒకరు కూరగాయల సంచితో, ఒకరు బిందెతో, ఒకరు బైబిల్‌తో. గోడకీ జేసీబీకీ మధ్య మధ్యాహ్నం దాకా నడుస్తూనే ఉన్నారు. డ్రైవర్ ఇంజిన్ ఆపి దిగిపోయాడు.

కూడా వచ్చిన ఇంజినీర్ విసుక్కుంటూ గోడ దగ్గరకొచ్చి పగుల్లో వేలు పెట్టాడు. వేలు దిగలేదు. గోరుతో గీకాడు. అరచేత్తో గట్టిగా చరిచాడు.

"ఇది పెయింటా?"

దానియేలన్న తప్పు చేసినవాడిలా తలొంచుకున్నాడు. "అలవాటైంది సార్. చెయ్యి ఆగది."

ఇంజినీర్ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. జేసీబీ వెనక్కి పోయింది.

ఈ సంగతి ప్రెసిడెంట్ గారికి ఎవరైనా చెప్పారో లేదో, చెప్పినా నమ్మాడో లేదో. ఇవాళ్టికీ ఆ పగుళ్లు పూడుస్తానంటున్నాడు.

ఇంకో విషయం. ఆ సెల్ఫీ ఒకసారి జూమ్ చేసి చూడండి.

ఆయన భుజం పక్కనే, మూడో వరసలో, తెల్లచొక్కా, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, రొట్టె కోసం చాచిన చెయ్యి. ఆయనే.

జేసీబీ పోయిన వారానికి అన్న ఆ బొమ్మ కలిపాడు. ఇన్నేళ్లూ రోజూ ఆ మలుపు తిరుగుతూ, ఈ మహానుభావుడు ఒక్కసారి కూడా తనని తాను చూసుకోలేదు. నిన్న పక్కనే నిలబడి ఫోటో దిగి కూడా చూసుకోలేదు.

అప్పుడు నాకు ఒళ్లు మండి అడిగాను. "ఈయన్నెందుకు వేశావన్నా?"

"బంగళ ఉంటే ఆకలి గాదా అమ్మా? కూసోనీ. ముందట వెట్టలే గద, మూడో లైన్ల వెట్టిన."

నీకున్న మనసు నాకు లేదన్నా. నేనైతే గోడ చివర కూడా చోటిచ్చేదాన్ని కాదు. ఇవాళ నీ సమాధి దగ్గరకి ఆయన దండ పంపాడు. రిబ్బన్ మీద నీ పేరు కంటే ఆయన పేరే పెద్దది.

రంగు డబ్బాలతో మనుషుల్ని పంపనీ. యాదమ్మ అప్పుడే అందరికీ చెప్పేసింది. మళ్లీ నడుస్తాం.

వెళ్లిరా అన్నా. నువ్వు వేసినవన్నీ విప్పేశారు.

ఈ ఒక్కటి విప్పనివ్వం. నిమ్మళంగా నిద్రపో.