నా కాన్పు, అత్తమ్మ చెప్పినట్టు

నేనెంత వీరవనితనో మా ఆడపడుచు సీమంతం రోజున గానీ నాకు తెలియలేదు.

అత్తమ్మ వాళ్ళది తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. బళేపేటలో గాజుల కొట్టు. కాబట్టి ఆ రోజు గాజులకు లోటు లేదు, ధైర్యానికే కరువు. పిల్లకు గాజులు తొడిగిన ప్రతి ముత్తైదువా పక్కన చేరి తన కాన్పు ఎంత ఘోరంగా జరిగిందో వివరంగా చెప్పి, అక్షింతలు వేసి, తృప్తిగా భోజనానికి లేచింది. ఒకావిడైతే ఏకంగా మంచం కోడు విరగ్గొట్టిందట. మా ఆడపడుచు పాయసం గిన్నె చేతిలో పెట్టుకుని, ఒక్క చెంచా కూడా తినకుండా అన్నీ వింది.

చివరికి నోరు విప్పింది. "అమ్మా, నొప్పి తెలీకుండా వెన్నులో సూది వేస్తారంట గదా. నేను అది వేయించుకుంటా."

అంతే, ఇంట్లో ఉన్నవాళ్ళంతా డాక్టర్లైపోయారు. నడుము జన్మలో నిలబడదన్నారు, పాలు పడవన్నారు. ఇక హొసకోటె నుంచి వచ్చిన పెద్దత్త, అంటే మా మామగారి అక్క, తీర్పు చెప్పేసింది.

"సూదేసుకుంటే అదేం కాన్పే? మీ వదినను చూడు. కంప్యూటరు ముందర కూర్చునే పిల్ల. ఒక్క సూదీ లేకుండా, అమ్మా అని కూడా అనకుండా కనేసింది. మీ యమ్మే చెప్పింది గదా!"

అందరూ నావైపు భక్తిగా చూశారు. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆవిడ ఉన్నట్టుండి తమలపాకులు తుడవడంలో మునిగిపోయింది.

అసలు జరిగింది ఇది. సూది వద్దని మొండికేసింది నేనే. గర్భిణుల క్లాసులో ఊపిరి పీల్చడం నేర్చుకున్నాను, ఇంకేం కావాలి అనుకున్నాను. మొదటి పెద్ద నొప్పికి ఆ చదువంతా గాలికి పోయింది. మా ఆయన్నీ, ఆయన ఆఫీసునీ, మా సంబంధం కుదిర్చిన పెద్దమనిషినీ వరసబెట్టి తిట్టాను. కింద మందుల షాపులో వాళ్ళు కూడా వినే ఉంటారు. అప్పుడు అత్తమ్మే వరండాలో నర్సు చెయ్యి పట్టుకుంది. "యమ్మా, ఆ మత్తు డాక్టరును పిలవండమ్మా. నా కోడలు తట్టుకోలేకుండా ఉండాది." సరేనా అని డాక్టరు అడిగితే నేను తల కాదు, ఒళ్ళంతా ఊపాను. వెన్నులో సన్నని గొట్టం పెట్టారు. కాసేపటికి నొప్పి సద్దుమణిగింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. బిడ్డ బయటికొచ్చేటప్పుడు ఒత్తిడి తెలిసింది గానీ, ఎవర్నీ తిట్టాలనిపించలేదు.

"నిజమా వదినా? నువ్వు అట్లనే కన్నావా?" అంది ఆడపడుచు. కళ్ళ నిండా భయం.

ఇంతమందిలో అత్తమ్మ పరువు తీయాలా, ఈ పిల్లను నా పేరు చెప్పి నొప్పులకు అప్పగించాలా? నాకు ఒళ్ళు మండింది.

"అబద్ధం. వేయించుకున్నాను. హాయిగా ఉండింది. దగ్గరుండి వేయించింది మీ అమ్మే."

పెద్దత్త చేతిలోని ఒబ్బట్టు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

వంటింట్లో అత్తమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మీ ఆయన్ని కన్నప్పుడు నేను అరిచినానని మా యత్త వీధంతా చెప్పి నవ్వించింది. యా ఫంక్షన్‌కి పోయినా అదే కథ. నిన్ను చూసి ఎవురూ నవ్వకూడదని అట్ల చెప్తినప్పా," అంది. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. నా కోపమంతా ఆవిడ అత్తగారి మీదికి మళ్ళింది. కానీ ఆ మహాతల్లి అప్పటికే గోడమీద ఫొటోలో దండ వేసుకుని, ఎవరికీ అందకుండా నవ్వుతోంది.

ఆడపడుచు కాన్పు రోజు అందరం ఆసుపత్రి వరండాలో ఉన్నాం. నర్సు తలుపు తీసుకుని బయటికొచ్చి, ప్రసవమైందని చెప్పింది.

"ఏం బిడ్డ?" అని పెద్దత్త ముందుకురికింది.

అత్తమ్మ ఆవిడను మోచేత్తో పక్కకు జరిపింది. "అది తరవాత చెబుదువులే తల్లీ. సూది బాగా పనిచేసిండాదా? నా బిడ్డ ఎక్కువ నొప్పి పడలేదు గదా?"