పిల్లల కాడి కుక్క

పామిడిలో మా అద్దె ఇల్లు రోడ్డుకూ ఏటికీ మధ్య ఉండేది. ముందు వైపు నడిస్తే లారీలు తిరిగే హైవే, వెనక వైపు నడిస్తే పెన్న ఇసుక. నేను ఒక దినపత్రికకు ఆ మండలం విలేకరిని. ఒక పాత స్కూటరు, ఇంట్లో టెలిఫోను, సాయంత్రం అనంతపురం బస్సు డ్రైవరు చేతికిచ్చే వార్తల కవరు. నా ఆఫీసు అంతే.

మా పాపకు అప్పుడు ఏడేళ్ళు. మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. అనంతపురంలో డాక్టరు బుద్ధిమాంద్యం అని రాశాడు. ఇప్పుడైతే ఇంకో పేరు చెబుతారేమో. పేరు ఏదైనా, మాకు తెలిసింది ఒక్కటే: తలుపు తెరిచి ఉంటే పాప నడిచి వెళ్ళిపోతుంది. అలిగీ కాదు, భయపడీ కాదు. ఎవరో పిలుస్తున్నట్టు నేరుగా ముందుకు. ఎక్కువగా రోడ్డు వైపే. లారీల హారన్లంటే దానికి ఇష్టం.

ఒకసారి ఒక డ్రైవరు బ్రేకు వేసి, దిగి, పాపను ఎత్తుకొచ్చి మా గడప మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మా ఆవిడ చాలాకాలం అనేది. ఆ తర్వాత నుంచి నేను ఇంట్లో లేనప్పుడు, తాను పొయ్యి దగ్గర ఉన్నప్పుడు, పాత చీరపేలికతో పాప కాలిని మంచం కోడుకు కట్టేది. ముడి వేసే ముందు పాదాన్ని చేతిలోకి తీసుకొని ఊరికే కాసేపు పట్టుకునేది.

వేసవిలో ఒక ఆదివారం ఆమె విత్తనానికి వేరుశనగ బుడ్డలు ఒలుస్తూ, కింద పరిచిన మా పేపరు అనుబంధాన్నే చదువుతోంది. నేను గడ్డం గీసుకుంటున్నాను.

“ఏమయ్యా, ఇది నిజమేనా?”

“ఏది?”

“వేరే దేశాల్లో ఇట్లాంటి పిల్లలకు కుక్కల్ని ఇస్తారంట. బిడ్డ యాడికి పోతే ఆడికి పోతాదంట. రోడ్డు దాటనీదంట.”

“మా పేపర్లో వచ్చిందే కదా.”

“అందుకే అడుగుతాండా, నిజమేనా అని.”

నిజమే అన్నాను. ఆమె పేజీ మీది పొట్టు దులిపి, ఆ ముక్కను చింపి గోడకున్న మేకుకు గుచ్చింది. “మనకొకటి యాడన్నా దొరుకుతాదేమో చూడు. ఈ బిడ్డను కట్టేసి నేను ఎన్నాళ్ళు వంట చేయల్ల?”

ఆ మాట తర్వాత నేను చూడకుండా ఉండలేకపోయాను. అనంతపురంలో పోలీసు కుక్కలను చూసుకునే కానిస్టేబుల్ ఒకాయన నాకు పరిచయం. అడిగితే నవ్వాడు. “అన్నా, మావి దొంగల్ని పట్టేటివి. పాప ఏం దొంగతనం చేసినాదని?” బెంగళూరులో కనుక్కోమన్నాడు. కనుక్కున్నాను. అక్కడా ఇల్లు కాసే కుక్కలే ఉన్నాయి, బిడ్డను కాసేవి లేవు.

ఆ రోజుల్లోనే మా ఇంటి వెనక, ఏటి గట్టున ఒక గొర్రెల మంద దిగింది. విడపనకల్లు వైపు మంద అది. చేలల్లో రాత్రిపూట మంద ఆపితే ఎరువు అవుతుందని రైతులు ఏటా పిలిపించుకునేవాళ్ళు. కాపరికి యాభై దాటి ఉంటాయి. భార్య కూడా మందతోనే తిరుగుతుంది. ఒక సాయంత్రం వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఆమె పెద్ద వెదురు గంపలను ఇసుకలో బోర్లిస్తోంది. ఆయన రాయి మీద కూర్చొని బీడీ వెలిగిస్తున్నాడు.

“మామా, మాకొక కుక్క కావల్ల.”

“దేనికప్పా?”

“పిల్ల కోసం. ఊరికే తప్పిపోతాండాది.”

“ఎన్ని పిల్లలు నీకు?”

“ఒకటే.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “ఒక్క పిల్లకు కుక్క యాలప్పా? పిల్ల మేసేదానికన్నా కుక్క తినేదే ఎక్కువైతాది. తల్లి లేదా దానికి?”

“ఉండాది. తల్లికీ ఆగదు.”

“పాలు మరిచినాదా?”

ఇదేం ప్రశ్న అనుకుంటూనే, మరిచిందిలే అన్నాను.

“అట్లైతే కుక్కెందుకు? మెడకు గుదికొయ్య కట్టు. నడిస్తే మోకాళ్ళకు తగుల్తాది, దూరం పోదు. లేదంటే కాలికి తాడేసి గూటానికి కట్టు.”

“కాలికే కడతాండాము మామా. మంచం కోడుకు.”

“మంచానికా? పిల్లను ఇంట్లో కడతారా ఎవరన్నా? గలీజు చేయదా?”

గంప బోర్లిస్తున్న ఆయన భార్య ఆగిపోయింది. “ఓయ్, నోరు ముయ్యి. ఆయప్ప చెప్పేది గొర్రెపిల్లను కాదు. వాళ్ళ బిడ్డను.”

ఆ జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి. గొర్రెల కాపరి దగ్గర పిల్ల అంటే ముందు గొర్రెపిల్లే అని నాకు తెలియక కాదు, ఆ క్షణాన తోచలేదు. అది నవ్వుకోవలసిన పొరపాటే. ముగ్గురిలో ఎవరమూ నవ్వలేదు. కాపరి తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

“కడతాండారా?” అని ఆమె అడిగింది.

“కట్టకపోతే రోడ్డెక్కుతాది.”

ఆయన బీడీ ఆర్పి, తన కుక్కలను చూపించాడు. “అవి మంద తోలేటివి. కాలు పట్టి లాగుతాయి. బిడ్డ కాడికి అవి వొద్దు.” తర్వాత గంపల దగ్గర పడుకున్న గోధుమరంగు ఆడకుక్క వైపు గడ్డం ఎత్తాడు. “అది పిల్లల కాడి కుక్క. తల్లులు మేతకు పోయినప్పుడు పిల్లలు ఈడే గంపల కింద ఉంటాయి కదా, వాటి కాడ ఉంటాది. కరవదు, తరమదు. పిల్ల దూరం పోతే పోయి అడ్డం నిలబడతాది. అంతే దాని పని.”

“మా పాపకు అట్ల నిలబడుతుందా?”

“నాకేం తెలుసప్పా? గొర్రెపిల్లల కాడ పెరిగినాది అది.”

“తీస్కపోనీ,” అంది ఆమె. “దీని కూతురు మనకు పనికొస్తాండాది కదా. అక్కడ ఉండకపోతే అదే తిరిగొస్తాది.”

కుక్కను అమ్మడం వాళ్ళలో లేదు. ఈనితే వచ్చే ఏడు ఒక కూన ఇవ్వమన్నారు.

మా ఇంటికి వచ్చిన కుక్క పాప ముఖం కూడా చూడలేదు. పాపా దాన్ని చూడలేదు. మా ఆవిడ సంగటి పెడితే తిని, గేటు దగ్గర ఏటి వైపు తిరిగి పడుకునేది. పేపర్లోని కుక్క ఇదేనా అని నేను ఎగతాళి చేశాను. “ఉండు, ఇప్పుడే కదా వచ్చినాది,” అంది ఆమె. కుక్క ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం పాప కాలికి పేలిక కట్టడం మానేసింది.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకరు వచ్చింది. మా ఆవిడ బిందెలతో పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి గేటు తెరిచి ఉంది, పాప లేదు, కుక్కా లేదు. నేను అప్పుడే స్కూటరు దిగుతున్నాను. ఇద్దరం ముందు రోడ్డు మీదికే పరిగెత్తాం. టీ అంగడి ఆయన, “ఇట్ల రాలేదు సార్, వస్తే నేను చూడనా?” అన్నాడు. అక్కడి నుంచి వెనక్కి, ఏట్లోకి. ఇసుక తవ్విన గుంతలు మనిషి లోతున ఉండేవి. ఒక్కో గుంతలోకీ తొంగి చూస్తూ పోయాం. ఆమె ఒక గట్టు, నేను ఒక గట్టు.

మంద దగ్గర పాప కూర్చొని ఉంది. చుట్టూ గొర్రెపిల్లలు. పక్కన కుక్క, దాని మెడ బొచ్చులో పాప చెయ్యి.

కాపరి భార్య మా ఆవిణ్ణి చూసి, “రాండమ్మా. గంప కింద మూద్దామని చూస్తే ఒక పిల్ల ఎక్కువుండాది. ఎవురిదో అని కూచోబెట్టుకున్యా,” అంది.

మా ఆవిడ నవ్వింది. ఆ వెంటనే పాప పక్కన ఇసుకలో కూర్చుంది.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. “కుక్క దాని ఇంటికి అది వచ్చింది. పాప వెనకాల పడింది. కాపలా అంటే ఇదేనా? ఇంటికి పోయి ఇద్దర్నీ కట్టేయల్ల.”

మా ఆవిడ తల ఎత్తలేదు. “గేటు తీస్తే పాప ఎప్పుడూ ఏ పక్కకు పోతాది?”

“రోడ్డుకు.”

“ఈ పొద్దు యాడికొచ్చినాది?”

కాపరి మధ్యలో కలగజేసుకున్నాడు. “వచ్చేది నేను చూసినా కదప్పా. కుక్క నాలుగడుగులు ఏసేది, నిలబడి ఎనక్కి చూసేది. బిడ్డ అందుకున్న్యాక మళ్ళా నడిచేది. గుంత కాడ గుంత పక్క తాను నడిచినాది. పిల్లల్ని తెచ్చినట్లే తెచ్చినాది.”

కాపరి భార్య లేచి, ఒక ముసలి గొర్రె మెడలోని గంట విప్పి మా ఆవిడ చేతిలో పెట్టింది.

“కట్టేది ఉంటే దీన్ని కట్టుకో అమ్మా. కుక్కకు.”

అట్లా ఆ ఇంట్లోకి గంట వచ్చింది. కుక్క పాపకు అంటుకుపోయింది అనలేను. అది తన పని తాను చేసుకునేది. పాప లేస్తే లేచేది. రోడ్డు వైపు అడుగు పడితే పోయి అడ్డం నిలబడేది. పాప తోసేది, మీదికెక్కి దాటేది. కుక్క చుట్టు తిరిగొచ్చి మళ్ళీ అడ్డం నిలబడేది. ఇదంతా జరిగినంతసేపూ గంట మోగుతూనే ఉండేది గనక మా ఆవిడ వచ్చేసేది. వంటింట్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కోసారి ఆమె చెయ్యెత్తి నన్ను ఆపేది. గంట విని, చెయ్యి దించి, ఆగిన చోటి నుంచే మాట అందుకునేది. కుక్క నిద్రపోయిన రోజులూ ఉన్నాయి. పక్కింటి గోడ దూకి పాప వెళ్ళిన రోజూ ఉంది. అయినా పేలిక మళ్ళీ మంచం కోడు దగ్గరికి పోలేదు.

వానలకు ముందే మంద వెళ్ళిపోయింది. కుక్క మా దగ్గరే ఉండిపోయి, ఆ చలికాలంలో ఈనింది. మరుసటి వేసవిలో అదే గట్టున దిగింది. కాపరి తన కూన కోసం మా ఇంటికి వచ్చి, వాకిట్లో గొంతుక్కూర్చున్నాడు.

“పిల్ల బాగుండాదా అప్పా?”

“ఏ పిల్ల మామా?”

బీడీలకు నల్లబడ్డ పళ్ళన్నీ కనబడేట్టు నవ్వాడు. “రెండూ చెప్పు.”

పాప వేప నీడలో మట్టి పోగేసుకుంటోంది. కూన ఆ మట్టిని చెదరగొడుతోంది. ఆయన పాప కాలి వైపు చూశాడు. మడమ పైన పేలిక రాసుకున్న గీత ఇంకా కొంచెం తెల్లగా కనబడుతోంది. లోపల్నుంచి మా ఆవిడ, “అన్నా, సంగటి తిని పో,” అంటూ సెగలు కక్కే గిన్నె దించుకొని బయటికి తెచ్చింది. గిన్నె అంచును ఆమె పట్టుకున్న మసిగుడ్డ ఆ చీరపేలికే.