ఎర్రటి పిల్లల కింద

కొల్లేటిలో సగం రోజు చేపలు పట్టించే దోనె ఒకటి మాట్లాడి, నాన్న నన్నూ పిన్ని కూతుర్నీ తీసుకెళ్లారు. నేను నెల ముందు నుంచే చేపల గురించి చదివి డైరీలో రాసుకున్నాను. తనేమో వానపామును ముట్టుకోనని కేకలు పెడుతూనే గంటలో మూడు జెల్లలు పట్టేసింది.

"చిన్నమ్మాయిగారి చెయ్యి మంచిదండీ," అన్నాడు దోనె నడిపే ఆయన.

"మా పెద్దదానికి పుస్తకాలేనండి," అని నాన్న నవ్వారు. నాకు కడుపు మండిపోయింది.

అప్పుడు గడ్డి పక్కన, నీటి మీద ఎర్రటి చేపపిల్లల గుంపు కనిపించింది. వాటి కింద తల్లి కొర్రమీను కాపలా ఉంటుందనీ, దగ్గరికొచ్చిన దేన్నైనా కరుస్తుందనీ చదివాను. పైకి చెబితే చెల్లి గాలమే ముందు పడుతుంది. మాట్లాడకుండా నా గాలం అక్కడ వేశాను. కర్ర వంగిపోయింది.

"శభాష్!" అని నాన్న లేచి నిలబడితే దోనె ఊగింది.

దోనె ఆయన మాత్రం నవ్వలేదు. "పిల్లల మీదున్న తల్లండీ. దీన్ని మేం పట్టమండి," అని ముల్లు మెల్లగా తీసి చేపను నీళ్లలో వదిలేశాడు.

"అక్కకేం తెలుసు బాబాయ్, పాపం! పిల్లల్ని చూసుండదు," అంది చెల్లి దోనె ఆయనతో, నా చెయ్యి పట్టుకుని.

చూశానని నేను చెప్పలేదు. అంత సులువుగా నన్ను నమ్మగలిగినందుకు కూడా తనంటే నాకు కుళ్లే పుట్టింది. ఆ రోజు డైరీలో మూడు జెల్లల సంగతే ఉంది. ఆ కొర్రమీను గురించి రాయడం ఇదే మొదటిసారి.