లోపలినుంచి తెరుచుకునే కప్పు

గిలకలదిండి రేవులో నా కారు మీద ఐసు దిమ్మ పడిందంటే బందరులో ఒక్క మనిషి నమ్మలేదు. కారు ఎదురుగానే ఉంది. కప్పు మధ్యలో బేసిన్ పట్టేంత సొట్ట ఉంది. అయినా నమ్మలేదు. టీ కొట్టు ముందు ఒకాయన ఆ సొట్టలో చెయ్యి పెట్టి తడిమి, "మొసలి దూకిందని చెప్పాల్సిందండీ, మీ స్థాయికి ఐసేంటి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గ్లాసుల్లో టీ ఒలికేలా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళు నవ్వడానికి కారణం లేకపోలేదు. నేను రైసు మిల్లులకి బెల్టులు అమ్మేవాణ్ణి. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా ఏ మిల్లుకి వెళ్ళినా యజమాని వచ్చేదాకా కూర్చోవాలి. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. కారు కప్పు తెరుచుకుని ఘంటసాల దగ్గర కాలవ గట్టున వస్తుంటే పండుగప్ప ఒకటి ఎగిరి ఒళ్ళో పడిందని ఒక మిల్లులో చెప్పాను. రెండో మిల్లుకి వెళ్ళేసరికి ఆ చేప మూడు మూరలయింది. మూడో మిల్లులో అది నా చెంప మీద తోకతో ఒకటి కొట్టి, వచ్చిన దారినే కాలవలోకి దూకేసింది. ఇలాంటివి లెక్కలేనన్ని. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు, బెల్టులు కూడా బాగానే అమ్ముడుపోయాయి. కానీ ఒక్క నిజం చెప్పి ఒక్క పని చేయించుకోవలసిన రోజు వచ్చేసరికి నా నోటికి విలువ లేకుండా పోయింది.

ఆ కారు ఒక మిషను ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరమ్మది. తన దేశం వెళ్ళిపోతూ నాకు అమ్మింది. కప్పులో ఒక రేకు పలక ఉండేది. లోపల ముందు అద్దం పైన ఉన్న పిడి తిప్పితే పలక వెనక్కి జరిగి, నెత్తి మీద ఆకాశం కనిపించేది. జిల్లాలో అలాంటి కారు ఇంకోటి నేను చూడలేదు.

ఆ రోజు ఐసు ఫ్యాక్టరీలో బెల్టు కొలతలు తీసుకుందామని వెళ్ళి, లారీ పక్కన కారు ఆపాను. అదే తప్పు. లారీ మీదివాడు కొక్కెంతో లాగిన దిమ్మ జారి సరిగ్గా పలక మీద పడింది. పలక కుంగింది, అది జరిగే గాడి వంకరపోయింది, పిడి విరిగి సీట్లో పడింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి వాడు తాపీగా కిందికి చూసి, "ఐసే కదండీ, కాసేపట్లో కరిగిపోద్ది" అన్నాడు.

"సొట్ట కూడా కరుగుద్దేంట్రా?" అని అరిచాను. వాడికి అది కూడా హాస్యంగానే వినిపించింది.

కారు పోతే ఇంకో కారు కొనుక్కోవచ్చు. ఆ పలక మా అక్కకి కావాలి.

అక్కది అవనిగడ్డకి దిగువన, సముద్రం వైపు ఊరు. అంతకు ముందు ఏడాది ఉప్పెన వచ్చినప్పుడు నీళ్ళ ఒత్తిడికి ఇంటి తలుపు బిగుసుకుపోయింది. నీళ్ళు మెడ దాకా వచ్చాక అక్క దూలం పట్టుకుని, తాటాకు కప్పుని లోపలినుంచి చేతులతో చీల్చుకుని పైకి వచ్చింది. తిరిగి చెయ్యి లోపలికి పెట్టి వెతికితే బావ చెయ్యి దొరకలేదు. అప్పుడు దెబ్బతిన్న కుడిచేతి వేళ్ళు రెండు ఈనాటికీ ముడవవు.

ఆ తర్వాత అక్క కప్పు కింద ఉండలేదు. కొత్తగా కట్టించి ఇచ్చిన పక్కా ఇంట్లో బియ్యం, బట్టలు ఉండేవి, అక్క వాకిట్లో మంచం మీద ఉండేది. వానొస్తే గోనెపట్టా కప్పుకునేది. ఆదివారం చర్చి గోడ బయట కూర్చుని లోపలివాళ్ళతో గొంతు కలిపేది. బస్సు ఎక్కేది కాదు. ఉన్న ఒక్క కూతుర్ని గుడివాడలో ఇచ్చాం. ఆ పిల్లకి నెలలు నిండుతున్నాయి. పుట్టింటికి తీసుకొచ్చి పురుడు పోద్దామంటే పుట్టింట్లో తల్లి వాకిట్లో ఉంది. "అమ్మ వస్తేనే నాకు ధైర్యం మావయ్యా" అని పిల్ల కనపడ్డప్పుడల్లా కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

ఆ వేసవిలో కారు తీసుకెళ్ళి అక్కకి కప్పు తెరిచి చూపించాను. లోపల కూర్చుని పిడి తనే తిప్పింది. నాలుగుసార్లు మూసింది, నాలుగుసార్లు తెరిచింది. పైకి చెయ్యి చాపి చూసుకుంది.

"ఇందులోనైతే వస్తాన్రా" అంది.

డాక్టరు చెప్పిన కాన్పు రోజుకి ఇంక పన్నెండు రోజులుందనగా ఐసు పడింది.

కారుని గుడివాడలో లారీలకి బాడీలు కట్టే షెడ్డుకి తీసుకెళ్ళాను. పలక కొత్తది చెయ్యాలి, అది లోపలినుంచి తెరుచుకోవాలి, ఎందుకు తెరుచుకోవాలో కూడా షెడ్డు ఓనరుకి మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు. ఆయన వక్క నములుతూ విన్నాడు. "అలాగేనండి, మీరు నిశ్చింతగా వెళ్ళిరండి" అన్నాడు.

నాలుగో రోజు వెళ్ళేసరికి కప్పంతా ఏకరేకు. అంచులన్నీ వెల్డింగు చేసి, అరగదీసి, రంగు కూడా కొట్టేశాడు.

"చూడండి, చుక్క నీరు దిగదు. మీ కథలో ఏనుగుని ఎక్కించినా కుంగదు" అన్నాడు మురిసిపోతూ.

"తెరుచుకోవాలని చెప్పానా లేదా?"

"చెప్పారండీ. మీరు చెప్పారు కదాని కప్పుకి కంత పెడతామా? కానీ అక్కగారి కథ మాత్రం అద్భుతంగా కట్టారు. తాటాకు చీల్చుకుని రావడం, చెయ్యి పెట్టి వెతకడం... మా వాళ్ళకి చెబితే వెల్డింగు చేసేవాడు ఏడ్చేశాడండీ బాబూ!"

అక్కడ పడున్న సుత్తి తీసుకుని నా కారు కప్పుని నేనే కొట్టడం మొదలెట్టాను. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో ఆయన వక్క నమలడం ఆపేశాడు. "నిజమేనేంటండీ?" అన్నాడు చిన్న గొంతుతో. ఆ ప్రశ్నకి నాకు ఇంకా మండింది. నిజమని తేలాకే మనిషి చెప్పినట్టు చేస్తాడా? కారు ఎవరిది? కప్పు ఎవరిది?

వెల్డింగు చేసిన రేకుని కోయించి తీయించాను. కొత్త పలక చెయ్యడం తమవల్ల కాదన్నాడు. "మూయమంటే మూస్తామండీ, తెరిచేది మాకు రాదు" అన్నాడు. కంత కారుతో మేనకోడలి ఇంటి ముందు ఆగాను. విషయం విని అల్లుడు నన్ను పక్కకి పిలిచాడు.

"ఇంత గొడవెందుకు మావయ్య గారూ? నిద్రమాత్ర ఒకటి వేసి టాక్సీలో పడుకోబెడితే సరి. కళ్ళు తెరిచేసరికి గుడివాడ."

"దారిలోనే తెరిస్తే?"

"తెరిస్తే ఏమవుద్దండీ?"

"నిన్ను గోనెలో కుట్టి కాలవలో వేస్తాను. మధ్యలో కళ్ళు తెరువు. ఏమవుద్దో నువ్వే చెబుదువుగాని."

అల్లుడితో అలా మాట్లాడకూడదు. మాట్లాడాను. కిటికీలోంచి విన్న మేనకోడలు నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. అక్కడ ఒక్క క్షణం కూడా నిలబడలేదు.

బందరులో రేకు పెట్టెలు చేసే ఒక సాయిబు గారు ఉండేవారు. పెళ్ళిళ్ళకి, హాస్టళ్ళకి వెళ్ళే ట్రంకు పెట్టెలన్నీ ఆయన చేతివే. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, జానతో కంతని కొలిచి, "మూతే కదండీ కావాల్సింది? నా బతుకంతా మూతలే కదా" అన్నారు. షెడ్డులో జరిగినదాంతో కాలిపోయి ఉన్నాను, మళ్ళీ అక్క సంగతి ఎత్తి నవ్వులపాలు కాదల్చుకోలేదు. తెరుచుకోవాలని మాత్రం చెప్పి వచ్చేశాను. ఆ తప్పు నాదే.

రెండు రోజుల తర్వాత వెళ్ళాను. మూత చక్కగా ఉంది. వెనక మడతబందులు, చుట్టూ రబ్బరు పట్టీ, నీళ్ళు పక్కకి జారిపోయేలా అంచు మడత. అలవాటు కొద్దీ ఆకుపచ్చ రంగేసి నడుమ రెండు గులాబీ పూలు కూడా దింపారు. అదీ సహించాను. గొళ్ళెం చూసేసరికి నా తల తిరిగింది. గొళ్ళెం కారు కప్పు మీద, బయటి వైపు ఉంది. తాళం కప్ప పెట్టుకోవడానికి రింగు కూడా బిగించారు.

"గొళ్ళెం పైనుందేంటండీ?"

"మరెక్కడుంటదండీ? పెట్టెకి గొళ్ళెం బయటే కదా ఉండేది."

"లోపల మనిషి కూర్చుంటుంది కదా!"

"పెట్టెని లోపల్నుంచి తీసేవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదండీ" అన్నారాయన, ఉన్నమాట చెబుతున్నట్టు.

బజారని చూడకుండా అరిచాను. ఐసు లారీవాణ్ణి, షెడ్డు ఓనరుని, అల్లుణ్ణి, టీ కొట్టు దగ్గర నవ్వినవాళ్ళని, అందరినీ కలిపి ఆ పెద్దాయన మీద పారబోశాను. ఆ తిట్లలోనే అక్క సంగతి కూడా ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. తలుపు, నీళ్ళు, దూలం, తాటాకు, బావ చెయ్యి. వరస కూడా లేదు. అరిచి అరిచి గొంతు పోయాక ఆపాను. ఎవరో నవ్వబోతే సాయిబు గారు తలెత్తి చూశారు. నవ్వు ఆగిపోయింది.

"ఆవిడ ఏ చెయ్యి ఆడదన్నారు?" అని అడిగారు.

"కుడిది. రెండు వేళ్ళు ముడవవు."

"అయితే ఎడం చేతికి అందాలి."

పై గొళ్ళెం అక్కడికక్కడే ఊడదీశారు. మూతకి లోపలివైపు ఒక అడ్డగడియ పెట్టి, దానికి వెడల్పాటి తోలు ముక్క కట్టారు, కుడిచెయ్యి పడినా వేళ్ళు ముడవకుండా అరచేత్తో లాగేలా. తర్వాత తనే కారెక్కి సీట్లో వాలి, మూత వెయ్యమన్నారు. వేశాను. తెరిచారు. మళ్ళీ వెయ్యమన్నారు. అద్దంలోంచి చూస్తే కళ్ళు గట్టిగా మూసుకుని గోడ తడిమినట్టు చేత్తో వెతుక్కుంటున్నారు. అలా మూడుసార్లు చేసి దిగారు.

"కళ్ళెందుకు మూసుకున్నారండీ?" అన్నాను.

"నీళ్ళలో కళ్ళేం కనపడతాయండీ" అన్నారు.

అంతసేపు అరిచినందుకు క్షమించమని అడగాలనిపించింది. కానీ ఆయన అప్పటికే ఇంకో పెట్టె ముందేసుకుని కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే పులిగడ్డ దాటి అక్క ఊరికి వెళ్ళాను. అక్క ముందు పూలు చూసింది. "ఇదేంట్రా, నన్ను పెట్టెలో పెట్టి తీసుకెళ్తావా?" అంది. ఎక్కి కూర్చుని గడియ లాగింది. నెడితే మూత లేచింది. వేసుకుంది. లాగింది. వాకిట్లో ఇరుగుపొరుగంతా నిలబడి చూస్తుండగా తనకి నమ్మకం కుదిరేదాకా లాగింది. బయల్దేరాక మూత తెరిచే ఉంచింది. చల్లపల్లిలో జనం రోడ్డు పక్కకొచ్చి, మూత తెరిచిన పెట్టె ఒకటి రోడ్డు మీద పోతున్నట్టు చూశారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పిల్లని అప్పటికే గుడివాడ ఆసుపత్రిలో చేర్చారు. ఆ మెట్ల ముందు అక్క ఆగిపోయింది. పైకి చూసింది. కాంక్రీటు శ్లాబు.

"దీన్నెట్టా తీస్తార్రా?" అంది.

నర్సుని తీసుకొచ్చి చెప్పించాను, డాక్టరుతో చెప్పించాను. ప్రతి ఒక్కరూ "ఏం భయం లేదమ్మా" అన్నవాళ్ళే. ఆ మాట అన్నవాళ్ళందరి మీదా నాకు కోపం పీకలదాకా వచ్చింది. ఉప్పెన ముందు రోజు కూడా భయం లేదనే అనుకున్నారు కదా అందరూ! చివరికి కారుని వార్డు కిటికీ కిందికి తోలి పెట్టాను. అక్కడ ఆపకూడదన్నాడు వాచ్‌మన్. "ఎత్తి పక్కన పెట్టు చూద్దాం" అన్నాను. రెండు రోజులు అక్క ఆ కారులోనే ఉంది. లోపలినుంచి పిల్ల "అమ్మా, ఉన్నావా?" అనేది. "ఉన్నానే" అనేది అక్క. నొప్పులు మొదలయ్యాక ఆ ప్రశ్న దగ్గర దగ్గరగా వచ్చేది. అక్క ఒక్కసారి కూడా జవాబు ఆలస్యం చెయ్యలేదు.

మూడో రోజు పొద్దున్న ఆడపిల్ల పుట్టింది. ఆయా పాత చీరముక్కలో చుట్టి తీసుకొచ్చి కారు తలుపు తీసి అక్క ఒళ్ళో పెట్టింది. అప్పుడే తుంపర మొదలయింది.

"మూత వేసుకోమ్మా, పసిబిడ్డ తడిసిపోద్ది" అంది ఆయా.

అక్క మూతకున్న తోలు ముక్క మీద చెయ్యి వేసింది. కిందికి లాగలేదు. చెయ్యి అలాగే ఉంచి బిడ్డ మీదికి వంగిపోయింది. జాకెట్టు వీపంతా చుక్కలు చుక్కలుగా తడుస్తోంది.

"ఏం మనుషులమ్మా!" అని ఆయా తల కొట్టుకుంది. నేను ఆవిడ మీద కూడా అరిచాను. పాపం ఆవిడేం చేసింది? పరుగెత్తి వరండాలో ఎవరిదో గొడుగు లాక్కొచ్చి, కారు బానెట్ మీదికెక్కి, ఆ కంత మీద పట్టుకున్నాను. వరండాలో జనం పోగయ్యారు. గొడుగు తనదని ఒకాయన కేకలేస్తున్నాడు. కాలు జారుతోంది, చెయ్యి పీకేస్తోంది, నోటికొచ్చినట్టు అందర్నీ తిడుతున్నాను.

కిందనించి అక్క గొంతు వినిపించింది.

"కాస్త ఎడమకి పట్టరా. పిల్ల కాళ్ళ మీద చినుకులు పడుతున్నాయి."

ఎడమకి పట్టాను.