క్లాంపు మీద చెయ్యి

బోరింగు పంపు విప్పేటప్పుడు ఇద్దరు పైపులు పైకి గుంజుతారు, ఒకరు క్లాంపు పట్టుకుంటారు. గుంజినంత మేరా కిందికి జారకుండా బిగించేది ఆ క్లాంపే. పట్టిన చెయ్యి ఒక్కసారి వదిలితే వంద అడుగుల ఇనుము బోరు అడుక్కి పోతుంది.

టేకులపల్లి అవతలి తండాలో ఆరేళ్లుగా ఆ చెయ్యి కమ్లిది. ఖమ్మంలో ఆడవాళ్లకు పెట్టిన శిక్షణకు పోయి రెంచీలు పట్టుకొచ్చిన రోజు మగవాళ్లు పడిపడి నవ్వారు. కుసుమంచి మెకానిక్ పదిహేను రోజులైనా వచ్చి చూడని పంపును ఆమె ఒక్క పూటలో బాగుచేశాక ఆ నవ్వు సగమే ఆగింది.

తండా కోడలు మామ కంటపడితే ముసుగు లాక్కోవాలి. ఆయన ఎదుట నోరెత్తకూడదు. అందుకే ఆమె పని చేసే చోటికి మామ రూప్‌సింగ్ ఎన్నడూ వచ్చేవాడు కాదు. రెండువేల ఆరు ఎండాకాలంలో మాత్రం, ఆమె బడి దగ్గరి పంపు విప్పుతుంటే, తప్పిపోయిన మేకను వెతుకుతూ బడి గోడ మలుపు తిరిగి ఎదురుగా నిలబడ్డాడు. కమ్లి చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. పైపులు గరగరమంటూ బోరులోకి జారిపోయాయి.

రూప్‌సింగ్ వెనుదిరిగి పోయాడు. చప్పుడు విని వార్డు మెంబరు జైరాం ఉరికొచ్చాడు.

"పోయినయా? ఆడోళ్ల చేతుల పెడితే గింతే. ఎవలు వదిలిన్రు?"

"పూలి చెయ్యి జారింది" అంది కమ్లి.

పైపులు గుంజే ఇద్దరిలో పూలి పనిలో చేరి నాలుగు నెలలే. రెండో మనిషి, అవతల వంగి ఉన్న ఎర్రమ్మకు ఏమీ కనపడలేదు. పూలి మాత్రం చూసింది. కమ్లి మొహంలోకి ఒక్కసారి చూసి, తల దించుకుని, రెంచీలు సంచిలో వేసుకుంది.

ముసుగు కోసం క్లాంపు వదిలానంటే మగవాళ్లు ఏడాది పాటు నవ్వుతారు. కమ్లి ఆ నవ్వుకు భయపడింది, అంతే. దానికి ఇంకో పేరు లేదు.

మూడు రోజులు తండా అంతా వాగులో చెలమ తోడుకుంది. బిందెల వరుసలో పూలిని ఒకరి తర్వాత ఒకరు మాటలతో పొడిచారు.

"ఏందే పూలీ, చేతికి నెయ్యి రాసుకొని పోయినవా?"

"రేపటి సంది దాన్ని పిలవకు కమ్లక్కా. నువ్వెంత పానం పెట్టి చేస్తే ఏం లాభం!"

ఆ జాలి మాటకు కమ్లి తల తిప్పుకుంది. చెంబుతో తోడుతున్న నీళ్లు బిందెలో పడక ఇసుకలో పడ్డాయి. ఇంటికొచ్చి రొట్టె తుంచి, తినకుండానే పక్కన పెట్టింది.

నాలుగో రోజు మండలాఫీసు నుంచి జారిన పైపులను పట్టే కొక్కెం తెచ్చి బోరులోకి దింపారు. చూడ్డానికి తండాకు తండా వచ్చింది. నీళ్ల సంగతి కదా, రూప్‌సింగ్ కూడా వచ్చి ముందు వరుసలో నిలబడ్డాడు. అయిదోసారికి కొక్కేనికి పైపు తగిలింది. పూలి, ఎర్రమ్మ గుంజుతుంటే కమ్లి రెండు చేతులతో క్లాంపు బిగించింది. మొదటి పైపు మొన బయటికి వచ్చేసరికి నెత్తి మీది చెంగు జారి భుజం మీద పడింది.

ఈసారి చెయ్యి కదలలేదు.

"ఏయ్, ముసుగు" అన్నారెవరో.

"మామా" అంది కమ్లి. కాపురానికొచ్చిన పదకొండేళ్లలో ఆయన్ని పిలవడం అదే మొదలు. "ఆనాడు నిన్ను జూసి ముసుగు గుంజుకున్న. క్లాంపు వదిలింది నేను. పూలి కాదు."

రూప్‌సింగ్ అటు తిరిగి నిలబడ్డాడు. జైరాం నవ్వాడు, ఆమె అనుకున్నట్టే. అయితే ఆ నవ్వు ఆమెకు ఎక్కడా తగల్లేదు. తగిలింది పూలి మాట.

"ఇప్పుడు చెప్తవా? మూడు రోజులు నన్ను పీక్క తిన్నరు గదక్కా."

కమ్లి క్లాంపు వదలకుండానే పూలి వైపు తిరిగింది.

"జరుగు" అంది పూలి. "క్లాంపు నాకియ్యి."

పూలి బిగించి పట్టుకున్నాక కమ్లి చేతులు తీసింది. పక్కకు పోయి, ముసుగు లేని నెత్తితోనే వంగి, ఎర్రమ్మతో పాటు పైపు గుంజడం మొదలుపెట్టింది.