ఏ వాసనా లేని దుప్పటి

మా మామగారు పోయారు. శ్రావణంలో, ముసురు పట్టిన ఒక పొద్దున, నాచారంలోని మా ఇంట్లో, తన మంచం మీదే పోయారు. ఫోన్ చేసిన చుట్టాలందరూ "పెద్ద వయసు, మంచంల పడి ఎక్కువ రోజులు తీసుకోకుండ పోయిండు, అదృష్టవంతుడు" అన్నారు. ఊ కొట్టాను. వాళ్లకేం తెలుసు? ఆయన పోయినందుకు నాకు ఏడుపు ఎంత వచ్చిందో ఆయన మీద కోపమూ అంతే వచ్చింది. ఈ నాలుగు ముక్కలు రాస్తూ ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటున్నాను. ఉత్తముడు, శాంతమూర్తి అని రాయమంటే నా వల్ల కాదు. మొండి మనిషి. బట్టల వాసన దగ్గరికొస్తే మరీ మొండి.

ఆయన నాచారం ఫ్యాక్టరీల వైపు ఒక చిన్న కంపెనీలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యారు. ఇనుము చెక్కేటప్పుడు పోసే నూనె, చెమట కలిసి అంగీకి ఒక వాసన పడుతుంది. సబ్బు పెట్టి ఎంత రుద్దినా పోదు. ఆరాక పోయినట్టే ఉంటుంది గానీ తొడుక్కుని ఒళ్లు వేడెక్కగానే మళ్లీ లేస్తుంది. వయసులో ఉన్నప్పుడు ఉప్పల్ వెళ్లే బస్సులో ఆయన పక్కన కూర్చున్న ఒకాయన ముక్కు చిట్లించుకుని లేచిపోయాడట. "సీటు ఖాళీగ ఉన్నా నిలబడ్డడు బిడ్డా, ఉప్పల్ దాక నిలబడే వచ్చిండు" అని ఆ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. అప్పటి నుంచి ఇంట్లో బట్టలుతికే పని అత్తగారి చేతిలోంచి లాక్కున్నారు. ఆమె పోయాక కూడా అది నా చేతికి రాలేదు. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు పంచె ఎగ్గట్టి బకెట్ల మధ్య కూర్చున్న మామగారిని చూసి మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మా వైపు మగవాళ్లు తువ్వాలు కూడా పిండరు.

ఆయన పద్ధతి ఒకటుంది. బకెట్‌లో నీళ్లు పోసి, వెనిగర్ వంచి, దాని మీద పిడికెడు తినే సోడా వేసేవారు. బుస్సుమని నురగ పొంగేది. ఎవరు ఏ పనిలో ఉన్నా వచ్చి చూడాల్సిందే.

"సూడు, సూడు. గబ్బంతా ఎట్ల బయటికొస్తున్నదో."

నేను ఉప్పల్‌లో ఒక స్కూల్లో పదో తరగతి పిల్లలకు సైన్సు చెప్తాను. ఆమ్లాలు, క్షారాలు ప్రతి ఏడూ బోర్డు మీద రాసి రాసి నా వేళ్లు అరిగాయి. ఇంటికొస్తే ఇదీ భాగోతం.

"మామా, వెనిగర్ పులుపు. సోడా దానికి ఉల్టా. రెండు కలిపితే ఒకదాన్నొకటి తినేస్తయి. మిగిలేది ఉత్త ఉప్పునీళ్లే."

"ఉప్పునీళ్లయితే గంత పొంగు ఎందుకొస్తది?"

"అది గాలి మామా."

"గాలే గదా బిడ్డా నేను చెప్పేది. గబ్బుగాలి."

ముందు వెనిగర్ నీళ్లలో నానబెట్టి, పిండి జాడించి, ఆ తర్వాత సోడా నీళ్లలో వేస్తే రెండూ పనిచేస్తాయని ఎన్నేళ్లు మొత్తుకున్నానో. వింటేగా! నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఆయన ఉతికిన బట్టలు నిజంగానే శుభ్రంగా ఉండేవి. పొంగు దిగాక వాటిని కుంకుడు రసంలో పిసికి, తిరగేసి, సాయంత్రం దాకా డాబా మీద ఎండలో వేసేవారు. బాగుచేసింది కుంకుడుకాయా, ఎండా. పేరు మాత్రం పొంగుకు.

కొన్ని విషయాల్లో మాత్రం ఆయన మాటే నెగ్గింది, ఒప్పుకోక తప్పదు. వాషింగ్ మిషన్ కొన్నాక అందులో పౌడరు తక్కువే వేయాలనేవారు. ఎక్కువ వేస్తే జాడించినా బట్టలోనే ఉండిపోయి అదే కంపు కొడుతుంది. ఉతకడం అయ్యాక మిషన్ మూత తెరిచి ఉంచాల్సిందే. చెమ్మ ఉన్న బట్ట మడత పెట్టిన వాళ్ల పని అయిపోయినట్టే. ఒకసారి నేను బట్టలకు సువాసన ఇచ్చే సీసా ఒకటి కొనుక్కొస్తే మొత్తం మోరీలో ఒంపేశారు.

"బట్టకు వాసన ఉండొద్దు బిడ్డా. మంచి వాసన సుత ఉండొద్దు. సెంటు కొట్టిన్రంటే కింద ఏదో దాస్తున్నట్టే."

ఆ సీసా కోసం నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు కూడా లేరు. నాగారంలో ఒక పెళ్లికి తీసుకెళ్తే ఆలింగనం చేసుకున్న పెళ్లికొడుకు తండ్రి భుజం వాసన చూసి, "అత్తరు పూసిండు గని అంగీ ఉతకలే" అని అందరూ వినేలా అన్నారు. నేనూ మా ఆయనా భోజనం చేయకుండానే వచ్చేశాం.

అలాంటి మనిషికి పోయినేడు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. మాట మిగిలింది, ముక్కు మిగిలింది. కొన్నాళ్లకు మూత్రం మీద పట్టు పోయింది. మొదటిసారి పక్క తడిసినప్పుడు ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను దుప్పటి తీస్తుంటే అటు నుంచే మెల్లగా అన్నారు.

"వేడినీళ్లు పొయ్యకు బిడ్డా. వేడికి ఆ వాసన బట్టనే పట్టుకుంటది. ముందుగాల సల్లనీళ్లు పొయ్యి."

సిగ్గుతో చితికిపోతూ కూడా పెత్తనమే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డైపర్లు తెచ్చాం. బాగున్న చేత్తో పీకి పారేసేవారు. సర్దిచెప్పి చెప్పి మా ఆయన చేతులెత్తేశాడు.

మా ఆడబిడ్డది ఘట్‌కేసర్. ప్రతి ఆదివారం తండ్రిని చూడటానికి వచ్చేది. మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. ఒక ఆదివారం ఆమె వచ్చి కూర్చోగానే చీర కొంగు ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుంది. వెళ్లేదాకా తీయలేదు. నేను చూశాను. ఆయనా చూశారు. ఆమె మెట్లు దిగాక నన్ను పిలిచారు.

"పిల్ల ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నది, సూశినవా?"

"జలుబు చేసిందేమో మామా."

"జలుబు కాదు."

ఆ సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేశారు. గ్లాసు నోటి దగ్గర పెడితే పెదాలు బిగించేవారు. తాగకపోతే తడవదు, తడవకపోతే వాసన రాదు, అదీ ఆయన లెక్క. నాలుక పిడచకట్టుకుపోయింది. దవాఖానాకు తీసుకెళ్తే డాక్టరమ్మ నా మీద విరుచుకుపడింది. "ఇంట్ల నీళ్లు కూడ తాగిస్తలేరా అమ్మా?" అని అందరి ముందు అడిగింది. ఏమని చెప్పను? ఇంటికొచ్చి ఆయన మీద అరిచాను.

"వాసన పోనీ బిడ్డా, తాగుత" అన్నారు.

అలా నా నెత్తిన పడింది ఆ పని. దుప్పటికి వాసన లేకపోతేనే మనిషి నీళ్లు తాగుతాడు. సరిగ్గా అప్పుడే వానలు మొదలయ్యాయి. ఉతికిన దుప్పటి ఫ్యాను కింద ఆరేస్తే ఉన్న వాసనకు తోడు ముక్కిన వాసన పట్టేది. ఇస్త్రీ చేస్తే ఇంకా లేచేది. విసుగెత్తి ఒకసారి ఆయనకు తెలియకుండా సెంటు నీళ్లలో ముంచి వేశాను. ఆయన అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, "సెంటు కొట్టినవ్ గదా" అని గ్లాసు పక్కకు తోసేశారు.

ఇక దొంగదారులు మానేసి అసలు పనికి దిగాను. ముందు చన్నీళ్లలో జాడించడం. తర్వాత వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టడం. పిండి, మంచినీళ్లలో తీసి, అప్పుడు సోడా నీళ్లు. చివర కుంకుడు రసం. ఇదంతా వంట చేసి, డబ్బాలు సర్ది, ఉప్పల్ బస్సు ఎక్కేలోపు. మధ్యలో ఆయనకు పొంగు చూడాలి! మంచం దగ్గరికి బకెట్ తెమ్మని ఒకటే నస. ఒక మగ్గులో కాస్త వెనిగర్, చిటికెడు సోడా వేసి ఆయన ముందు పొంగించి, బాత్రూంలో పారబోసి, నా పద్ధతిలో నేను ఉతుక్కునేదాన్ని. ఆ పొంగు చూసి సగం గ్లాసు తాగేవారు.

"గీ పొంగు నా కోసమే చేస్తున్నవు గదా?" అన్నారొకసారి.

"తాగు మామా."

తాగారు. నా చేతులు సోడాకు పగిలిపోయాయి. బోర్డు ముందు నిలబడ్డా ఆ వాసన నా ముక్కులోనే ఉన్నట్టుండేది. నిజం చెప్తున్నాను, విసుగొచ్చేది. ఆయన మీద, వాన మీద, ఆదివారం ఆదివారం కొంగు బిగించుకుని వచ్చే ఆడబిడ్డ మీద. ఇంటెడు చాకిరీ చేసేదాన్ని నేను ముక్కు మూసుకోవడం లేదు, గంటసేపు కూర్చునే కూతురికేం వచ్చింది?

ఒకసారి వాన తెరిపిచ్చి వరసగా కొన్ని రోజులు ఎండ కాసింది. పొద్దున్నే దుప్పటి డాబా మీద వేసి వెళ్లాను. స్కూలు నుంచి వచ్చి తీస్తే పెళపెళలాడుతోంది. నేను వాసన చూశాను. ఏమీ లేదు. మా ఆయన చూశాడు, ఏమీ లేదన్నాడు. మంచం మీద పరిచాం. మామగారు ఒక్క చేత్తో ఒక్కో అంచూ లాక్కుని, నాలుగు మూలలా చూశారు.

"పోయింది బిడ్డా" అన్నారు. "చెంబు తే."

గ్లాసు కాదు, చెంబు. గటగటా తాగారు. గడ్డం మీద కారిన నీళ్లు తుడుస్తుంటే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఉద్యోగం వచ్చిన రోజు కూడా అంత సంతోషపడలేదు.

ఆ ఆదివారం అదే దుప్పటి మళ్లీ ఉతికి, ఆరేసి, కావాలని వేశాను. ఆడబిడ్డ వచ్చింది. కుర్చీలో కూర్చుంది. తండ్రి చెయ్యి పట్టుకుని ఏదో అడుగుతూ అడుగుతూ, కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నా రక్తం మరిగిపోయింది. ఆయన ఆమెనే చూస్తున్నారు. దుప్పటి అంచు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మళ్లీ వాసన చూశారు. ఇంకోసారి చూశారు.

ఆమె వెళ్లాక అన్నారు, "నా ముక్కు పాడైనట్టున్నది బిడ్డా. నాకు వస్తలేదు. దానికి వస్తున్నది."

"లేదు మామా, నేను చూసిన. ఏం లేదు."

"నువ్వు ఇంట్లనే ఉంటవు. నీకు అలవాటయింది."

ఆ పూట నుంచే మళ్లీ నీళ్లు మానేశారు. జీవితమంతా నా సైన్సును కాదని తన ముక్కునే నమ్మిన మనిషి, ఆఖరికి తన ముక్కునూ కాదని ఆ కొంగును నమ్మారు. కేకలేశాను, బతిమాలాను, మా ఆయన చేత చెప్పించాను. మాత్ర మింగడానికి ఒక గుక్క, అంతే. తర్వాత ఎక్కువ రోజులు లేరు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు, నీళ్లకూ దానికీ సంబంధం లేదన్నారు. అన్నారు సరే, నా మనసు ఒప్పుకుంటే కదా.

దినాలకు ముందు ఇల్లు కడిగి, పోయినవాళ్ల పక్కబట్టలు బయట పారేయడం మా ఇంటి ఆనవాయితీ. పరుపు, దిండు, దుప్పట్లు మూట కడుతున్నాం. ఆడబిడ్డ గది గుమ్మంలో నిలబడింది. మళ్లీ ముక్కుకు కొంగు. ఇక నేను ఆగలేకపోయాను. మూటలోంచి ఆ దుప్పటి లాగి ఆమె ముఖం ముందు పెట్టాను.

"ఇగో, వాసన చూడు. ఇప్పుడన్న చూడు. ఎక్కడొస్తున్నదో చెప్పు."

బిత్తరపోయి చూసింది. "ఏం వాసన వదినా?"

"ఆదివారం ఆదివారం ముక్కు మూసుకొని కూసుంటివి గదా. నీకు గబ్బు వస్తుందని ఆయన నీళ్లు బంద్ జేసిండు. ఆఖరి దాక తాగలే."

ఆమె చేతిలోంచి కొంగు జారింది. కింది పెదవి అదురుతోంది. ఆ అదురు ఆపుకోవడానికి పళ్లతో పట్టుకుంది గానీ ఆగలేదు.

"వాసనకు కాదు వదినా" అంది. "నాయినను గట్ల సూస్తే నా మూతి ఆగుతలేదు. నేను ఏడ్సుడు సూస్తే ధైర్యం సెడుతడని అడ్డం పెట్టుకున్న. నాకు ఎన్నడు ఏ వాసన రాలే."

దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్ని రోజులు దాచుకున్న కోపమంతా ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. ఒక్క మాట, ఇద్దరిలో ఎవరు అడిగినా అయిపోయేది. తండ్రీ అడగలేదు, కూతురూ చెప్పలేదు. మధ్యలో ఉన్న నేను వెనిగర్, సోడా కలుపుకుంటూ కూర్చున్నాను.

కింద చెత్త బండి హారన్ కొడుతుంటే మా ఆయన వచ్చి నా చేతిలోంచి దుప్పటి తీసుకుని, మూటలో పెట్టి, భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఆడబిడ్డ గదిలోకి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కొంగు ఒళ్లో పడేసుకుని, పరుపు లేని మంచం వైపు ముఖం పెట్టి, ఏ అడ్డమూ లేకుండా ఏడ్చింది.